పెద్దకర్మ తర్వాత పిల్లల దుఃఖం: శ్రీకాకుళం జిల్లాలో తోడు ఎక్కడ దొరుకుతుంది

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఒక ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటిని ఊరు ఒంటరిగా వదలదు. పొయ్యి వెలగని ఇంటికి ఇరుగుపొరుగువారు అన్నం వండి తెస్తారు, వలస వెళ్లినవారికి ఫోన్లు చేస్తారు, ఖర్చులకు చేబదులు సర్దుతారు, రాత్రిళ్లు తోడు పడుకుంటారు. పదకొండో రోజో పన్నెండో రోజో పెద్దకర్మ ముగిసి, భోజనాలు అయ్యి, చుట్టాలు బస్సెక్కే వరకూ ఈ ఆసరా నిలిచి ఉంటుంది. అయితే ఈ ఏర్పాటంతా పెద్దవాళ్ల దుఃఖాన్ని ఉద్దేశించి ఏర్పడినది. ఆ రోజుల్లో చిన్నపిల్లలను పక్కింటికి పంపేస్తారు; కాస్త ఎదిగినవారికి నీళ్లు మోయడం, వచ్చినవారికి కుర్చీలు వేయడం వంటి పనులు అప్పగిస్తారు. తండ్రి శవం వాకిట్లో ఉండగా ఆరేళ్ల పిల్లవాడు వీధిలో ఆడుకుంటూ కనిపిస్తే, ‘చిన్న గుంటడు, ఆడికేటి తెలుసు’ అంటూ చూసినవాళ్లు కళ్లు తుడుచుకుంటారు.

ఆ పిల్లవాడికి ఏమీ తెలియదనుకోవడం పొరపాటు. పిల్లలు దుఃఖాన్ని విడతలు విడతలుగా భరిస్తారు: కాసేపు వెక్కివెక్కి ఏడుస్తారు, అంతలోనే ఆటకు వెళ్తారు, మళ్లీ రాత్రి పడుకోబోయే ముందు ఎవరూ ఊహించని ప్రశ్న అడుగుతారు. మనిషి లేని ఇల్లు వారికి నిజంగా అర్థం కావడం మొదలయ్యేది అందరూ వెళ్లిపోయిన తర్వాతే, అంటే ఊరి ఆసరా తగ్గిపోయే రోజుల్లోనే. తల్లినో తండ్రినో, తోబుట్టువునో, పెంచిన అమ్మమ్మనో కోల్పోయిన పిల్లలకు సాయం వెతికేవారు ముందుగా గుర్తించవలసింది ఈ ఖాళీనే. ఆ ఖాళీని పూడ్చడానికి మొదట కావలసింది పెద్ద ఆసుపత్రీ, ప్రత్యేక నిపుణుడూ కాదు. నెలల తరబడి నిలిచి ఉండే ఒకరిద్దరు పెద్దవాళ్లు, వారికి వెన్నుదన్నుగా బడి, గ్రామ సచివాలయం, అవసరమైనప్పుడు వైద్యం.

మరణాన్ని పిల్లలు ఏ వయసులో ఎలా అర్థం చేసుకుంటారన్న విషయంపై పరిశోధన కొత్తది కాదు. బుడాపెస్ట్ పరిసరాల్లో 3 నుంచి 10 ఏళ్ల పిల్లలతో మాట్లాడి మరియా నాగీ ప్రచురించిన అధ్యయనం 1948 నాటిది. అయిదేళ్ల లోపు పిల్లలు చావును ఒక ప్రయాణంగానో నిద్రగానో భావిస్తారని, వెళ్లినవారు తిరిగి వస్తారని ఎదురుచూస్తారని ఆమె గమనించారు. పోయినవారు తిరిగి రారని, పోయిన శరీరానికి ఆకలీ చలీ నొప్పీ ఉండవని, ప్రాణమున్న ప్రతివారికీ ఇది తప్పదని ఎక్కువమంది పిల్లలు 5 నుంచి 7 ఏళ్ల మధ్య గ్రహిస్తారని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. నిజాన్ని సూటిగా చెప్పిన ఇళ్లలోని పిల్లలకు ఈ గ్రహింపు సులువవుతుంది. దాచిన ఇళ్లలోని పిల్లలు దాన్ని తమ ఊహతో పూరించుకుంటారు, ఆ ఊహ తరచుగా నిజం కంటే భయంకరంగా ఉంటుంది. తాను మారాం చేసినందుకే, మాట విననందుకే నాన్న పోయాడని నమ్మే పిల్లలు తక్కువేమీ కాదు.

ఉత్తరాంధ్రలో ఈ దాపరికం వల్ల కలిగే హాని ఇంకాస్త ఎక్కువ. ‘నాన్న ఊరెళ్లాడు’ అని చిన్నపిల్లలకు చెప్పడం తెలుగు ఇళ్లన్నిటిలోనూ ఉన్నదే. కానీ ఇక్కడి తండ్రులు నిజంగానే ఊరు వెళ్తారు: చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్‌కు, భవన నిర్మాణ పనులకు హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి, నెలల తర్వాత సంచులతో తిరిగి వస్తారు. అలా వచ్చిన తండ్రిని చూసిన పిల్లవాడికి ఆ మాట చెబితే, వాడు సంక్రాంతికి వస్తాడని లెక్క వేసుకుంటాడు. పండగ వెళ్లిపోయాక తనమీద కోపంతోనే రాలేదని అనుకుంటాడు. ‘నాన్న చచ్చిపోయాడు, ఒంట్లో గుండె ఆగిపోయింది, ఇక రాడు, ఇందులో నీ తప్పేమీ లేదు, నిన్ను నేనూ తాతా చూసుకుంటాం’ అనే నాలుగైదు చిన్న మాటలు, పిల్లవాడు అడిగినన్నిసార్లు అవే మాటలు, ఓపికతో చెప్పడం కష్టమే. అయినా పసివాడికి ఇవ్వగలిగిన మొదటి సాయం అదే. ఆత్మహత్య జరిగిన ఇళ్లలో ఇది మరీ కష్టం. అయితే ఊరంతటికీ తెలిసిన సంగతి పిల్లలకు బడిలో తోటివారి నోటి నుంచి తెలియడం కంటే, వివరాల్లోకి పోకుండా ఇంటివారే చెప్పడం మంచిది.

ఈ జిల్లాలో పిల్లల దుఃఖం గురించి మాట్లాడేవారు ఉద్దానాన్ని పక్కన పెట్టలేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతుకుతున్న కుటుంబాలను కారణం ఇదమిత్థంగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా పట్టి పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి; పలాస, సోంపేట, కవిటి వంటి చోట్ల డయాలసిస్ అందుతోంది. వైద్యం దగ్గరైంది. వ్యాధితో పాటు ఇంట్లో పెరిగే పిల్లల సంగతి మాత్రం ఇంకా ఎవరి బాధ్యతల జాబితాలోనూ చేరలేదు.

అక్కడి పిల్లలకు మరణం ఒక్క రోజులో జరిగే సంఘటన కాదు. కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ తండ్రికి ఎంతకు పెరిగిందో చదువుకునే పిల్లలకు అంకెతో సహా తెలుసు. డయాలసిస్‌కు వెళ్లే రోజుల్లో అమ్మ ఉండదని, ఆ సాయంత్రం నాన్న మాట్లాడలేడని, ఆటో ఖర్చుకు డబ్బు విడిగా ఉంచాలని వారికి తెలుసు. చావుకు ఎంతో ముందే మొదలైన ఈ దుఃఖాన్ని చుట్టుపక్కలవారు దుఃఖంగా గుర్తించరు, ఎందుకంటే మనిషి ఇంకా బతికే ఉన్నాడు. తీరా ప్రాణం పోయినప్పుడు పిల్లవాడిలో బాధతో పాటు కొంత ఊరట కూడా కలగవచ్చు. ఆ ఊరట వాడిని లోలోపల దోషిగా నిలబెడుతుంది. ఇక చాలామందిని వెంటాడేది ‘నాకూ వస్తుందా’ అన్న భయం. తాతకూ తండ్రికీ అదే జబ్బు వచ్చిన ఇంట్లో ఆ ప్రశ్న వెర్రి ప్రశ్న కాదు. నీకేమీ కాదని కొట్టిపారేయడం కన్నా, పరీక్షలు ఎప్పుడు చేయించాలో, తాగునీటి విషయంలో, నొప్పి మాత్రల విషయంలో ఏ జాగ్రత్తలు పాటించాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి చేత చెప్పించడం వల్ల ఎక్కువ నిబ్బరం కలుగుతుంది. డయాలసిస్ కేంద్రాల్లోని నర్సులు, టెక్నీషియన్లు ఏళ్ల తరబడి ఆ కుటుంబాలను చూస్తూ ఉంటారు కాబట్టి, పిల్లల గురించి ఒక ప్రశ్న అడగడానికి వారికి ఉన్న అవకాశం మరెవరికీ లేదు.

సముద్రం మింగిన మరణాలది మరో స్వభావం. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్న ఈ జిల్లాలో వేటకు వెళ్లి తిరిగిరాని మనిషి శరీరం దొరకకపోతే కర్మ చేయాలా వద్దా అన్నదే ఇంట్లో తగవవుతుంది. ఏడేళ్లపాటు జాడ తెలియని మనిషిని మరణించినట్టు చట్టం భావిస్తుంది. పిల్లల మనసుకు అటువంటి గడువు ఉండదు. 2018 నవంబరులో గుజరాత్ తీరాన పాకిస్తాన్ దళాలకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో ఇళ్లకు చేరుకున్నారు. అటువంటి ఉదంతాలు విన్న పిల్లవాడు తన తండ్రీ ఏదో జైల్లో ఉండి ఉంటాడని నమ్మితే ఆ ఆశను బలవంతంగా తుంచకూడదు, అలాగని పెంచనూ కూడదు. ‘మాకూ తెలియదు, వెతికారు, దొరకలేదు, వస్తారన్న ఆశ చాలా తక్కువ’ అన్న మాటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఫొటో ముందు దీపం పెట్టడం వంటి చిన్న ఆచారమైనా లేకపోతే ఆ ఇళ్లలో కాలం ఆగిపోతుంది.

2018 అక్టోబరులో పలాస ప్రాంతాన్ని తాకిన తిత్లీ తుపాను, 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద జరిగిన రైలు ప్రమాదం వంటి ఆకస్మిక ఘటనల తర్వాత మరో ఇబ్బంది తోడవుతుంది: ఏడుస్తున్న పిల్లల ముందుకు మైకులు, ఫోన్ కెమెరాలు వస్తాయి. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధించింది. ఆ వీడియోలు ఏళ్ల తర్వాత కూడా తోటి విద్యార్థుల ఫోన్లలో కనిపిస్తాయని పెద్దవాళ్లు తలచుకుంటే, కెమెరాకు అడ్డంగా నిలబడే ఒక మేనమామ ఆ క్షణాన ఎంత పెద్ద సాయం చేస్తున్నాడో అర్థమవుతుంది.

శ్మశానం నుంచి తిరిగి వచ్చిన రోజే పదేళ్ల కొడుకు భుజంపై చేయి వేసి ‘ఇకమీద ఈ ఇంటికి నువ్వే మగదిక్కు’ అనడం ధైర్యం చెప్పడమేనని అన్నవారు అనుకుంటారు. తలకొరివి పెట్టిన పిల్లవాడు ఆ మాటను ఆజ్ఞగా తీసుకుంటాడు. ఆ రోజు నుంచి అమ్మ ముందు ఏడవడు, ఆటకు పోవడం తప్పనుకుంటాడు, పదో తరగతి మధ్యలో సెంట్రింగు పనికో బోటు మీదికో పోతానంటాడు. ఊరు అతన్ని బుద్ధిమంతుడని మెచ్చుకుంటుంది. నిజానికి అతనిలో దుఃఖం బయటపడే దారి మూసుకుపోయింది. అది కోపంగా, తలనొప్పిగా, కొన్నేళ్లకు మద్యంగా బయటపడే ప్రమాదం ఉంది. కర్మకాండలో పిల్లలు పాల్గొనడం వల్ల హాని జరగదు. ఏం జరగబోతోందో ముందే చెప్పి, వద్దంటే మానేయనిచ్చి, పక్కన ఒక పెద్దమనిషి నిలబడితే పిల్లలకు అది మేలే చేస్తుంది. హాని చేసేది ఆ తర్వాత నెత్తిన పెట్టే పెద్దరికం.

ఆడపిల్లల విషయం ఇంకా లోతైనది. చాలా ఇళ్లలో వారిని శ్మశానానికి రానివ్వరు. శవం ఎటు వెళ్లిందో, ఏం చేశారో వారికి చెప్పేవారే ఉండరు. తల్లి పోతే ఎనిమిదో తరగతి పిల్ల మర్నాటి నుంచి వంటింటి మనిషి అవుతుంది. తండ్రి పోతే మరో ముప్పు ఎదురవుతుంది. మరణం జరిగిన ఏడాదిలోపు ఇంట్లో కన్యాదానం చేస్తే పుణ్యమని, లేదంటే మూడేళ్లు ఆగాలని పెద్దలు చెప్పే ఆచారం చాలా కుటుంబాల్లో ఉంది. భారం దించుకోవాలన్న తొందర దానికి తోడైతే పదహారేళ్ల పిల్లకు సంబంధం చూడటం మొదలవుతుంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేయడం నేరం. తండ్రిని కోల్పోయిన ఏడాదిలోనే బడినీ, స్నేహితులనూ, పుట్టిన ఇంటినీ కూడా పోగొట్టుకునే ఆ పిల్ల దుఃఖాన్ని ఏ సలహాదారూ తీర్చలేడు. పెళ్లిని ఆపడమే అక్కడ చేయవలసిన సాయం. అటువంటి సమాచారం పిల్లల సహాయవాణి 1098కి గానీ, సచివాలయంలోని మహిళా పోలీసుకు గానీ చేరాలి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో అనాథ బాలికలకు, చదువు మధ్యలో మానేసినవారికి చోటు ఉంది కాబట్టి ‘ఇంట్లో ఉంచుకుని ఏం చేయం’ అనే బంధువులకు చూపించడానికి ఒక దారి ఉంటుంది.

తల్లి చచ్చిన తండ్రి పినతండ్రి అన్న సామెత తెలుగువారికి కొత్త కాదు. మిగిలిన తల్లి గానీ తండ్రి గానీ పిల్లల పట్ల ఎలా ఉంటారన్న దానిపైనే వారి భవిష్యత్తు ఆధారపడి ఉంటుందన్న లోకానుభవం ఆ మాటలో ఉంది, పరిశోధన కూడా అదే చెబుతోంది. అమెరికాలో విలియం వార్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ 70 కుటుంబాలకు చెందిన, తల్లినో తండ్రినో కోల్పోయిన 125 మంది బడి వయసు పిల్లలను రెండేళ్లపాటు గమనించారు. పిల్లలు ఎంతవరకు నిలదొక్కుకున్నారన్నది అన్నిటికంటే ఎక్కువగా మిగిలిన తల్లి లేదా తండ్రి స్థితిపై ఆధారపడిందని వారు తేల్చారు. ఆరిజోనాలో ఇర్విన్ శాండ్లర్ బృందం దీన్ని ఆచరణలో పెట్టింది. 156 కుటుంబాలతో జరిపిన ఆ పరీక్షలో ఒకవైపు పిల్లలకు, మరోవైపు వారిని పెంచుతున్న పెద్దలకు సమాంతరంగా సమావేశాలు నడిపారు; పిల్లలతో రోజూ కొంతసేపు గడపడం, చెప్పేది మధ్యలో అడ్డుకోకుండా వినడం, ఇంటి నియమాలను సడలించకుండా ఉంచడం వంటివి పెద్దలకు నేర్పారు. దాని మేలు ఏళ్ల తర్వాత కూడా కనిపించింది.

అంటే శ్రీకాకుళంలో పిల్లవాడికి సాయం చేయాలనుకునేవారు ముందు ఆ పిల్లవాడి తల్లి వైపు చూడాలి. భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపే తంతును పిల్లల కళ్ల ముందే జరిపించడం వారికి రెండో దెబ్బ. నాన్న పోయాడు, ఇప్పుడు అమ్మను ఏదో చేస్తున్నారని పసివాళ్లు బెదిరిపోతారు. కొన్ని కుటుంబాలు ఈ తంతును మానేస్తున్నాయి, అందరూ మానేయడం అవసరం. ఆ తర్వాత నెలల్లో ఆమె పింఛను కోసం, మరణ ధ్రువీకరణ పత్రం కోసం, అప్పులవాళ్ల కోసం తిరుగుతూ ఉంటుంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. మైనరు పిల్లలకు వాటా ఉన్న భూమిని న్యాయస్థానం అనుమతి లేకుండా అమ్మకూడదన్న సంగతి ఆమెకు చెప్పేవారు ఉండరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు, పిల్లలకు న్యాయ సహాయం ఉచితమన్న సంగతీ అంతే. ఈ కాగితాల పనిలో సగం ఎవరైనా పంచుకుంటే, ఆమెకు సాయంత్రం పిల్లల పక్కన కూర్చునే శక్తి మిగులుతుంది. భార్యను పోగొట్టుకున్న తండ్రి విషయంలో చిక్కు వేరు. వలస పనికి తిరిగి వెళ్లక తప్పని అతను పిల్లలను అమ్మమ్మకో పిన్నికో అప్పగిస్తాడు, అక్కాతమ్ముళ్లు రెండు ఇళ్లకు విడిపోతారు. తప్పనిసరైతే తప్ప తోబుట్టువులను విడదీయకూడదు. ఫోను ఏ వేళకు చేస్తానన్నాడో ఆ వేళకు తండ్రి చేయడం పిల్లలకు అన్నంతో సమానం.

బడి ఇంటి తర్వాతిది, కొన్ని సందర్భాల్లో ఇంటి కంటే ముందుది, ఎందుకంటే అక్కడ రోజు ఎప్పటిలాగే నడుస్తుంది. పిల్లవాడు తిరిగి వచ్చే ముందు తరగతి ఉపాధ్యాయుడు ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రావడం, తరగతిలోని మిగతా పిల్లలకు జరిగింది చెప్పి ఏం అడగకూడదో ఏం అనవచ్చో నేర్పడం, మధ్యలో ఏడుపు వస్తే చెప్పకుండానే బయటికి వెళ్లి కూర్చునేందుకు ఒక చోటు చూపడం, ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు. పాఠం ఎక్కడం లేదని, మతిమరుపు పెరిగిందని, తగాదాలకు దిగుతున్నాడని వచ్చే ఫిర్యాదుల వెనుక మూడు నెలల నాటి చావు ఉండవచ్చని ఉపాధ్యాయుడు గుర్తుంచుకుంటే చాలా శిక్షలు తప్పుతాయి. తల్లి సంతకం, తండ్రి పేరు, తల్లిదండ్రుల సమావేశం, ‘మా నాన్న’ అన్న వ్యాసం వంటివన్నీ ఆ పిల్లలకు ముళ్లే. గురుకులాలు, వసతి గృహాల్లో ఉన్నవారి పరిస్థితి మరీ కష్టం: కబురు చెప్పకుండా ‘ఇంటి దగ్గర పనుంది’ అని తీసుకెళ్తారు, దినాలు కాగానే తిరిగి తెచ్చి వదిలేస్తారు. ఆ రాత్రులు వార్డెన్ ఒక్కసారి పక్కన కూర్చున్నా, వారానికి రెండుసార్లు ఇంటికి ఫోను చేయనిచ్చినా అది మామూలు మేలు కాదు.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1982లో మొదలైన డౌగీ సెంటర్ ఒక సాదా పద్ధతిని ప్రపంచానికి చూపింది: ఆప్తులను కోల్పోయిన పిల్లలు ఒకచోట చేరి ఆడుకుంటారు, బొమ్మలు గీస్తారు, ఇష్టమైతే మాట్లాడతారు. తనలాంటివారు ఇంకా ఉన్నారని తెలియడమే అక్కడి చికిత్స. అటువంటి కేంద్రం ఈ జిల్లాకు రావాలని ఎదురుచూడనవసరం లేదు. ఉద్దానం ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో కిడ్నీ జబ్బుకు తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లలు ఒకే బడిలో ఒకరికంటే ఎక్కువ మంది కనిపిస్తారు, వారిలో చాలామంది ఆ సంగతి ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదు. శనివారం ఒక గంట, ఒక గది, ఓపిక ఉన్న ఒక ఉపాధ్యాయురాలు ఉంటే చాలు, రెండు వారాలకోసారి వారు కలవవచ్చు. జిల్లాలో ముందుగా ప్రయత్నించదగ్గ పని ఇదేనన్నది ఈ వ్యాసం అభిప్రాయం, ఎందుకంటే అవసరం, మనుషులు, చోటు మూడూ అక్కడ ఇప్పటికే ఉన్నాయి.

ప్రభుత్వ వ్యవస్థలో దొరికే సాయం ఎక్కడెక్కడో చెదిరి ఉంది; దాన్ని వెతికేవారికి గ్రామ, వార్డు సచివాలయమే మొదటి మెట్టు. సంక్షేమ, విద్యా సహాయకులు, ఏఎన్ఎం, మహిళా పోలీసు అక్కడ దొరుకుతారు. ఆశా కార్యకర్త ఆ ఇంటిని ముందే ఎరిగి ఉంటుంది. జిల్లా కేంద్రంలో మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కింద జిల్లా బాలల సంరక్షణ విభాగం పనిచేస్తుంది. మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ సాయం కోసం దరఖాస్తు చేసుకోవలసింది అక్కడే. భర్తను కోల్పోయిన తల్లి దగ్గర పెరుగుతున్న పిల్లలకు, తల్లిదండ్రులు లేక బంధువుల ఇంట్లో ఉంటున్నవారికి, తల్లి గానీ తండ్రి గానీ ప్రాణాంతక వ్యాధితో ఉన్నవారికి నెలకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చే అవకాశం ఆ పథకంలో ఉంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్న తల్లిదండ్రులు చావు వరకూ ఆగకుండానే ఈ దరఖాస్తు పెట్టవచ్చన్నది అందరికీ తెలియవలసిన విషయం. కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరినీ, లేదా మిగిలిన ఒక్కరినీ కోల్పోయిన పిల్లల కోసం 2021 మేలో ప్రకటించిన పీఎం కేర్స్ పథకంలో నమోదైనవారికి 18 ఏళ్లు నిండాక నెలనెలా సాయం, 23 ఏళ్లకు 10 లక్షల రూపాయలు అందుతాయి. ఆనాటి పసివారు ఇప్పుడు యుక్తవయసుకు వస్తున్నందున కాగితాలు జాగ్రత్తగా ఉన్నాయో లేదో బంధువులు చూసుకోవాలి.

1098కి ఫోను చేస్తే పిల్లలను ఆశ్రమానికి తీసుకుపోతారన్న భయం పల్లెల్లో బలంగా ఉంది. రాత్రింబవళ్లు ఉచితంగా పలికే ఆ నంబరు సలహాకు, సమాచారానికి కూడా పనికొస్తుంది. పిల్లలను సంస్థలో చేర్చడం అన్ని దారులూ మూసుకుపోయాక ఎంచుకోవలసిన చివరి మార్గమని బాలల న్యాయ చట్టమే చెబుతోంది. ఆ నిర్ణయం బాలల సంక్షేమ సమితిది. మనసు బాధకు సంబంధించి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉంటారు, ఖర్చు ఉండదు. పిల్లవాడితోనే మాట్లాడించనవసరం లేదు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియని తల్లి, మేనత్త, ఉపాధ్యాయుడు కూడా తమ తరఫున చేయవచ్చు.

దుఃఖం జబ్బు కాదు, కాబట్టి దుఃఖించే ప్రతి పిల్లవాడినీ డాక్టరుకు చూపించనక్కర్లేదు. పక్క తడపడం, ఒంటరిగా పడుకోలేకపోవడం, కడుపునొప్పి, అమ్మ కొంగు వదలకపోవడం వంటివి కొన్ని వారాలు ఉండి తగ్గుతాయి. ఆరు నెలలు దాటినా పోయినవారి ధ్యాస తప్ప మరేమీ పట్టకుండా, తిండి, నిద్ర, బడి, స్నేహాలు అన్నీ దెబ్బతిని ఉంటే వైద్య సాయం కావాలి; వైద్యులు దీర్ఘకాలిక శోకరుగ్మతను పిల్లల్లో గుర్తించడానికి పెట్టుకున్న గడువు కూడా ఆరు నెలలే. చచ్చిపోవాలని ఉందనడం, తనను తాను గాయపరచుకోవడం, వస్తువులు పంచిపెట్టడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఆ పిల్లవాడిని ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే తీసేయాలి. అయిదేళ్ల పిల్ల ‘నాన్న దగ్గరికి పోతాను’ అంటే అది చాలాసార్లు బెంగ మాత్రమే. అదే మాట పదిహేనేళ్ల పిల్లవాడు అంటే నేరుగా, బెదిరించకుండా అడగాలి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అంతకు మించిన అవసరం పడితే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ‘పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారు’ అన్న మాట పడుతుందనే వెనకడుగు వేసే కుటుంబాలకు, 10 నుంచి 19 ఏళ్లవారి కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడిచే కౌమార ఆరోగ్య క్లినిక్ నుంచి మొదలుపెట్టడం సులువు కావచ్చు.

పోయినవారిని మరిచిపోతేనే పిల్లలు కోలుకుంటారన్న నమ్మకంతో ఫొటోలు దాచేయడం, పేరెత్తకపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. పిల్లలు పోయినవారితో ఒక బంధాన్ని మనసులో నిలుపుకుంటూనే ఎదుగుతారని గత మూడు దశాబ్దాల పరిశోధన చెబుతోంది. ఉత్తరాంధ్రకు ఈ మాట ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇక్కడ సంక్రాంతి పెద్దల పండగే. పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వారికి ఇష్టమైనవి వండి, పేరుపేరునా తలచుకునే ఆ రోజున, నాన్నకు చొక్కా రంగు ఎంచే పని కూతురికి ఇవ్వవచ్చు, అమ్మకు ఏ కూర ఇష్టమో చెప్పే మాట కొడుకుకు వదలవచ్చు. చావు జరిగిన ఏడాది పండగ లేదంటూ పిల్లలకు కొత్త బట్టలు కూడా కొనని ఇళ్లున్నాయి. తోటివారంతా సిరిమాను చూడటానికో భోగి మంటకో పోతుంటే గడపలో కూర్చున్న పిల్లవాడికి అది శిక్షగానే తోస్తుంది, మైల నియమం పెద్దలు పాటించుకున్నా పిల్లలను దాని నుంచి విడిచిపెట్టడంలో ఏ దోషమూ లేదు.

అందరి దృష్టి నుంచీ జారిపోయేది 18 దాటినవారు. ఎచ్చెర్లలో ఇంజినీరింగు చదివే అమ్మాయి, విశాఖలో డిగ్రీ చదువుతూ రాత్రి పని చేసే అబ్బాయి తండ్రిని కోల్పోతే 1098 వర్తించదు, స్పాన్సర్‌షిప్ వర్తించదు, ఎదిగినవారు కనుక ఇంటికి వారే సాయం చేయాలని అందరూ ఎదురుచూస్తారు. చిన్నప్పుడు పోగొట్టుకున్న తల్లి కోసం మళ్లీ కొత్తగా ఏడ్చే వయసు కూడా ఇదే. మొదటి ఉద్యోగం, పెళ్లి మాటలు, బిడ్డ పుట్టడం వంటి ప్రతి మలుపులోనూ ఆ లోటు కొత్త రూపంలో ఎదురవుతుంది. వీరికి 14416 ఉంది, కళాశాలల్లో ఉన్నంత మేరకు సలహాదారులు ఉన్నారు. వాటితో పాటు కళాశాలలు తమంతట తాము చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి: హాజరు తక్కువైందని పరీక్షకు ఆపకపోవడం, ఫీజుకు గడువివ్వడం, ఏ పత్రాలు తెస్తే ఏ ఉపకార వేతనం కొనసాగుతుందో ఒక్కచోట చెప్పడం, చదువు మానేస్తానని వచ్చిన విద్యార్థి చేతికి వెంటనే టీసీ ఇచ్చి పంపకుండా ఒక సెమిస్టరు విరామం ఇచ్చి పేరు జాబితాలో ఉంచడం, ఆ విరామంలో నెలకోసారి ఒక అధ్యాపకుడు ఫోను చేసి ఇంటి సంగతులు, తిరిగి వచ్చే సంగతి అడగడం.